రుద్దితే పోయేది మట్టే, మచ్చ కాదు

పాఠకుల ప్రశ్నలు, చర్మవైద్యురాలి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ముందేసుకుని చదివాను. మిర్యాలగూడ నుంచి రాసినవాళ్ళూ, నారాయణపేట నుంచి రాసినవాళ్ళూ దాదాపు ఒకటే అడుగుతున్నారు. పైపొర తీసేస్తే లోపలి నుంచి మంచి చర్మం వస్తుంది కదా, దాన్ని ఎట్లా తీయాలి, ఎంత తీయాలి అని. నల్లగొండలో ఏళ్ళుగా చర్మవ్యాధులు చూస్తున్న దాన్ని కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు అనుకుంటున్న దాంట్లో పావు వంతు చాలు. మనది ఎండకు ఎర్రబడే చర్మం కన్నా నల్లబడే చర్మం. గీరుకున్నా, కాలినా, మంట పుట్టినా, ఆ పుండు మానాక అక్కడ నలుపు మిగులుతుంది. ఆ నలుపు పోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. మచ్చ పోవాలని మొదలుపెట్టిన పని కొత్త మచ్చ తెచ్చిపెట్టడం నా దగ్గరికొచ్చే వాళ్ళలో రోజూ చూస్తున్నాను. అందుకే ఈసారి జవాబులు కొంచెం పెద్దవైనా ఓపికగా చదవండి.

ప్రశ్న: మేడం, మాది మిర్యాలగూడ. నాకు 24 ఏండ్లు. నెలన్నరల నా పెండ్లి. ముఖం మీద పాత మొటిమల మచ్చలున్నయి, రంగు ఒక్కతీరుగ లేదు. పార్లర్ అక్క కెమికల్ పీల్ చేస్తనంటుంది. పెండ్లికి మూడు రోజుల ముందు చేయించుకుంటే ముఖం మెరుస్తదట. ఇంట్ల అమ్మమ్మేమో అవన్నీ ఎందుకు, నలుగు పెడితే చాలంటది. ఎవరి మాట వినాలె?

జవాబు: మూడు రోజుల ముందు మాత్రం వద్దే వద్దు, బిడ్డా. ఎందుకో చెప్తాను.

చర్మం అడుగున పుట్టిన కణం పైదాకా వచ్చి రాలిపోవడానికి నీ వయసులో సుమారు 28 రోజులు పడుతుంది. వయసు మీదపడేకొద్దీ ఇంకా ఆలస్యమవుతుంది. పీల్ అంటే ఒక యాసిడ్ పూసి, పైన పేరుకున్న చచ్చిన కణాల మధ్య పట్టు సడలించడం. అప్పుడు అవి తొందరగా ఊడిపోతాయి. గ్లైకాలిక్ యాసిడ్, లాక్టిక్ యాసిడ్, మాండెలిక్ యాసిడ్, సాలిసిలిక్ యాసిడ్ మామూలుగా వాడేవి. అంగట్లో దొరికే గ్లైకాలిక్ సీరమ్‌లో 5 నుంచి 10 శాతం ఉంటే, క్లినిక్‌లో వాడేది 20 శాతం నుంచి మొదలై 70 దాకా వెళుతుంది. శాతం ఒక్కటే కాదు, దాని పుల్లదనం ఎంత, ముఖం మీద ఎన్ని నిమిషాలు ఉంచారు అన్నదాన్ని బట్టి అది ఎంత లోతుకు దిగుతుందో తేలుతుంది. అందుకే ఒకే సీసాతో ఒకరికి ముఖం తేటబడుతుంది, ఇంకొకరికి కాలుతుంది.

మా దగ్గర ఎట్లా చేస్తామో చెప్తే నీకు పోల్చుకోను వీలుంటుంది. ముఖం కడిగించి, జిడ్డు పోయేటట్టు గాజుగుడ్డతో తుడుస్తాం. కంటి చివరలు, ముక్కు పక్క మడతలు, పెదవుల మూలలు, ఈ మూడు చోట్లా వాజలిన్ రాస్తాం. యాసిడ్ అక్కడ చేరి నిలిచిందంటే పుండు పడుతుంది. మొదటిసారి తక్కువ శాతంతోనే పూస్తాం. గడియారం పెట్టుకుని, కళ్ళు ముఖం మీదే ఉంచుతాం. కొంచెం చురచురమంటుంది, లేత ఎరుపు వస్తుంది. ఎక్కడైనా తెల్లగా పాలిపోయిందంటే అక్కడ లోతుకు పోతున్నట్టు, టైము కాకపోయినా వెంటనే ఆపేస్తాం. గ్లైకాలిక్ అయితే సోడా కలిపిన ద్రావణంతో గానీ ధారాళంగా నీళ్ళతో గానీ విరిచేయాలి, లేకపోతే అది తన పని తాను చేసుకుంటూ పోతుంది. సాలిసిలిక్ అయితే తెల్లటి పొడి తేలి తనంతట తానే ఆగిపోతుంది. ఆ తెలుపు చూసి భయపడాల్సిన పని లేదు, ముందు చెప్పిన తెలుపు చూసి మాత్రం భయపడాలి. ఈ రెండింటికీ తేడా తెలిసిన మనిషి చేతిలోనే నీ ముఖం పెట్టు. పార్లర్ అక్కను రెండే అడుగు: సీసా మీద యాసిడ్ పేరు, శాతం చూపించమను. మంట ఎక్కువైతే దేంతో విరుస్తావో చెప్పమను. జవాబు తడబడిందంటే లేచి వచ్చెయ్యి.

పీల్ అయిన రెండో రోజు నుంచో మూడో రోజు నుంచో పొట్టు రేగడం మొదలవుతుంది, వారం దాకా సాగుతుంది. పెండ్లికి మూడు రోజుల ముందు చేయించుకుంటే సరిగ్గా తలంబ్రాల వేళకు మూతి చుట్టూ పొట్టు లేస్తుంది, దాని మీద మేకప్ నిలవదు. నీకు నెలన్నర ఉంది కనుక, ఈ వారంలో చర్మవైద్యుల దగ్గర పైపైన చేసే పీల్ ఒకటి, మూడు వారాలకు ఇంకొకటి చేయించుకోవచ్చు. దాని తర్వాత పెండ్లి దాకా ఏమీ వద్దు. చేయించుకునే ముందు వారం రోజులు త్రెడింగ్, వ్యాక్సింగ్, బ్లీచ్ బంద్ చెయ్యి. పెదవి మీద నీటిపొక్కులు తరచుగా లేస్తాయా, మొటిమలకు ఐసోట్రెటినోయిన్ గోళీలు ఏమన్నా మింగుతున్నావా, ఇవి ముందే డాక్టరుకు చెప్పు. పీల్ అయ్యాక ఎండలో తిరిగితే చేసిందంతా తిరగబడుతుంది. పెండ్లి షాపింగ్‌కు పొద్దుననో, సాయంత్రం చల్లబడ్డాకనో పో.

ఇక అమ్మమ్మ మాట. నలుగును నేను ఎప్పుడూ కాదనను. ముందు నూనె పట్టించి, తర్వాత శెనగపిండి, పసుపు కలిపి మెల్లగా రుద్దడంలో మంచి వివేకం ఉంది. నూనె ఉండటం వల్ల పిండి గీరుకోదు, చచ్చిన పొర మాత్రం వదులుతుంది. చిక్కు ఎక్కడంటే, ఇప్పుడు చాలామంది నూనె మానేసి పిండిని పెరుగులో కలిపి పూసి, గట్టిగా ఎండనిచ్చి, గోళ్ళతో గీకి తీస్తున్నారు. ఎండిన నారింజ తొక్కలు మిక్సీలో బరకగా పట్టి కలుపుతున్నారు. అది వద్దు. నలుగు రోజు ముత్తైదువలందరూ ప్రేమతో తలా ఒక చెయ్యి వేస్తారు, బుగ్గల మీద గట్టిగా రుద్దవద్దని ముందే చిన్నమ్మకో పెద్దమ్మకో చెప్పిపెట్టు. చేతులకు, కాళ్ళకు ఎంత పట్టించినా ఫరవాలేదు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్న, మహబూబ్‌నగర్‌ల రూముల ఉంట. ముక్కు మీద బ్లాక్‌హెడ్స్, గదువ మీద మొటిమలు. రోజూ స్క్రబ్బుతోని రుద్దుతున్న. ఒక దోస్తు చెప్తే నిమ్మకాయ, చక్కెర కలిపి కూడ పెట్టిన. తగ్గుడు లేదు, ఇంక ఎక్కువైనయి.

జవాబు: తమ్ముడూ, ఆ స్క్రబ్బు ఈ రోజే పక్కన పెట్టు. మొటిమ పుట్టేది చర్మం పైన కాదు, వెంట్రుక రంధ్రం లోపల. అక్కడ నూనె, చచ్చిన కణాలు కలిసి మూసుకుపోతే మొటిమ అవుతుంది. పైన ఎంత గరుకుగా రుద్దినా చెయ్యి లోపలికి పోదు. పైన ఉన్న మొటిమ చిట్లి పక్కకు పాకుతుంది, మానాక నల్ల మచ్చ మిగులుతుంది. బ్లాక్‌హెడ్ నల్లగా ఉండేది కూడా మురికి వల్ల కాదు. రంధ్రంలోని ఆ పదార్థానికి గాలి తగిలి నల్లబడుతుంది. కాబట్టి నువ్వు మురికిగా ఉన్నావని ఎవరన్నా అంటే పట్టించుకోకు.

నిమ్మరసం సంగతి గట్టిగా చెప్పాలి. మన చర్మం పుల్లదనం పీహెచ్ లెక్కన 5కు అటు ఇటుగా ఉంటుంది. నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది, ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. అది పూసుకుని మన ఎండలో బయటికి పోతే, నిమ్మజాతి పండ్లలో ఉండే కొన్ని పదార్థాలు ఎండతో కలిసి చర్మాన్ని కాలుస్తాయి. చారలు చారలుగా నలుపు పడుతుంది. వంట సోడా దీనికి అటువైపు, 8 దాటి ఉంటుంది, అది చర్మం రక్షణ పొరను విప్పేస్తుంది. టూత్‌పేస్ట్ కూడా అంతే. ముఖానికి వీటిలో ఏదీ పెట్టొద్దు.

చేయాల్సింది చాలా సాదా పని. పొద్దున, రాత్రి నురగ తక్కువ వచ్చే ఫేస్‌వాష్‌తో చేతివేళ్ళతోనే కడుగు. సాలిసిలిక్ యాసిడ్ 2 శాతం ఉన్నది అయితే మేలు, ఎందుకంటే అది నూనెలో కరుగుతుంది, రంధ్రం లోపలికి పోయేది అదే. రాత్రి పూట అడాపలీన్ అనే మొటిమల మందు 0.1 శాతం జెల్, ముఖమంతటికీ కలిపి శెనగగింజంత. మొదట్లో రోజు విడిచి రోజు. మొదటి రెండు మూడు వారాలు పొడిబారుతుంది, కొందరికి మొటిమలు కాస్త పెరిగినట్టు కూడా అనిపిస్తుంది, అక్కడే చాలామంది వదిలేస్తారు. 8 నుంచి 12 వారాలు ఆగితే గానీ ఫలితం తెలియదు. హెల్మెట్ లోపలి గుడ్డ, దిండు గలీబు వారానికొకసారి ఉతుకు. గడ్డల్లాంటి పెద్ద మొటిమలు, చీము ఉంటే జెల్‌తో కుస్తీ పట్టకుండా మీ జనరల్ ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి పో.

ప్రశ్న: అమ్మా, మాది దేవరకొండ దగ్గర తండా. నాకు 38. పత్తి చేన్లకు కూలికి పోత. రెండో కాన్పు అయినంక బుగ్గల మీద మంగు వచ్చింది. మెడికల్ షాపుల అడిగితే ఒక ట్యూబు ఇచ్చిండ్రు. నెల రోజులకే తెల్లగైంది, అందరు బాగుందన్నరు. ఏడాది నుంచి అదే పెడుతున్న. ఇప్పుడు ముఖం ఎర్రగ మండుతుంది, ఎండల నిలబడలేకపోతున్న, బుగ్గల మీద సన్నగ వెంట్రుకలు వస్తున్నయి. ట్యూబు ఆపితే ఇంక ఎక్కువైతుంది. పట్నంల లేజర్ చేపిస్తే పోతదా?

జవాబు: మీ ఉత్తరం మా పాఠకులందరూ చదవాలని పూర్తిగా వేశాం. లేజర్ మాట ఇప్పుడు పూర్తిగా మరిచిపోండి అక్కా. మీరు రాసిన లక్షణాలన్నీ స్టెరాయిడ్ క్రీము ముఖానికి ఎక్కువ కాలం పెడితే వచ్చేవే. మొదటి నెలలో తెల్లబడటం, ఆ తర్వాత చర్మం పలచబడటం, సన్న రక్తనాళాలు ఎర్రటి దారాల్లా కనబడటం, వెంట్రుకలు, మొటిమలు, ఆపగానే మంట తిరగబెట్టడం అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. తెల్లబడ్డదని పక్కింటామె కూడా అదే ట్యూబు కొంటుంది, ఒక వాడలో నలుగురైదుగురు ఇదే బాధతో వస్తారు. చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

మీ పిల్లల్లో ఎవరికన్నా చదువొస్తే ఆ ట్యూబు మీద చిన్న అక్షరాలు చదివించండి. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ పేరు ఉన్నా అది స్టెరాయిడే. దానితో పాటు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ కలిపి మూడు మందుల ట్యూబులు వస్తాయి. మంగుకు అది నిజంగా మందే, నేనూ రాస్తాను. కానీ కొన్ని వారాలకు, చూసుకుంటూ రాస్తాను. ఏడాది పొడుగునా ఫెయిర్‌నెస్ క్రీములా రాసుకునేది కాదు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతున్నారని మీ ఉత్తరమే చెప్తోంది. షాపుల వాళ్ళకు కూడా ఈ కాలమ్ ద్వారా దండం పెట్టి అడుగుతున్నాను, మంగు అని వచ్చిన ఆడబిడ్డ చేతిలో ఆ ట్యూబు పెట్టకండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది: ఒక్కసారిగా ఆపి ఇంట్లో కూర్చోవద్దు. ట్యూబు వెంట పట్టుకుని చర్మవైద్యుల దగ్గరికి రండి. మీకు దగ్గర కావాలంటే నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి రావచ్చు. డాక్టరు తక్కువ బలమున్న దానికి మార్చి మెల్లగా మాన్పిస్తారు, మంటకు వేరే మందులు ఇస్తారు. ఈ మధ్యలో స్క్రబ్బు, బ్లీచు, ఫేషియల్, పీల్, లేజర్ ఏదీ ముట్టుకోవద్దు. పలచబడ్డ చర్మం మీద అవి పుండు మీద కారమే. ముఖానికి సబ్బు మానేసి ఉత్త నీళ్ళతో కడిగి, వాసన లేని మాయిశ్చరైజర్ గానీ పలచగా వాజలిన్ గానీ రాసుకోండి. నెమ్మదించడానికి నెలలు పట్టొచ్చు, మధ్యలో రెండు మూడుసార్లు మంట ఎగసిపడుతుంది. అప్పుడు ఎవరేమన్నా పాత ట్యూబు వైపు చూడకండి.

చర్మం కుదుటపడ్డాక మంగు సంగతి చూడొచ్చు. కాన్పులు, గర్భనిరోధక గోళీలు, ఎండ, పుట్టుకతో వచ్చే గుణం, ఇవన్నీ కలిసి తెచ్చేది అది. పూర్తిగా మాయం చేస్తామని ఎవరు మాటిచ్చినా నమ్మొద్దు, అదుపులో పెట్టుకోవచ్చు. అజెలాయిక్ యాసిడ్ క్రీము 10 నుంచి 20 శాతం ఉన్నది ఏళ్ళ తరబడి వాడినా ప్రమాదం తక్కువ. అన్నిటికన్నా పెద్ద మందు ఎండ తగలనీయకపోవడం. పత్తి ఏరేటప్పుడు గంటగంటకూ సన్‌స్క్రీన్ రాసుకోండి అని చెప్పడం నా వల్ల కాదు, అది జరిగే పని కాదని నాకు తెలుసు. తలకు చుట్టుకునే గుడ్డను ముందుకు లాగి, నుదురు, బుగ్గలు మూసేటట్టు కట్టుకోండి. ముదురు రంగు నూలు గుడ్డ అయితే ఎండను ఎక్కువ ఆపుతుంది. దాని మీద వెడల్పు అంచు టోపీ పెట్టగలిగితే ఇంకా మంచిది. సన్‌స్క్రీన్ కొనగలిగితే ఎస్‌పీఎఫ్ 30 దాటినది, లేత గోధుమ రంగులో ఉండేది తీసుకోండి. ఆ రంగు కోసం వేసే ఐరన్ ఆక్సైడ్ కంటికి కనిపించే వెలుతురును కూడా ఆపుతుంది, మంగుకు ఆ వెలుతురు కూడా చేటే.

ప్రశ్న: మా పాప నాగర్‌కర్నూల్‌ల తొమ్మిది చదువుతది. రెండు జబ్బల మీద కోడి తోలు లెక్క సన్నటి పొక్కులు. బీరపీచుతోని రుద్దిరుద్ది స్నానం చేయిస్తున్న, పోవుడు లేదు. స్కూల్ల పిల్లలు అడుగుతుంటే పొట్టి చేతుల అంగీ వేసుకోనంటుంది.

జవాబు: దీన్ని కెరటోసిస్ పైలారిస్ అంటారు. వెంట్రుకల మొదళ్ళలో చర్మపు పొట్టు గట్టిపడి బిరడాలా కూర్చుంటుంది. అంటుకునేది కాదు, ఇళ్ళల్లో వంశంగా వస్తుంది, చాలామందికి వయసుతో తగ్గుతుంది. బీరపీచు మానండి తల్లీ, అది రుద్దినకొద్దీ పొక్కులు ఎర్రబడి నల్లబడతాయి. గోరువెచ్చటి నీళ్ళ స్నానం చేయించి, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే యూరియా 10 శాతం ఉన్న క్రీము గానీ లాక్టిక్ యాసిడ్ 12 శాతం ఉన్న లోషన్ గానీ రాయండి. చలికాలం రెండు పూటలా. నెలా రెండు నెలలకు నునుపు తెలుస్తుంది, ఆపితే తిరిగి వస్తుంది, కాబట్టి కొబ్బరినూనె రాసినంత మామూలు అలవాటుగా సాగనివ్వండి. స్కూల్ టీచరుకు ఒక మాట చెప్పి రండి, ఇది అంటుకోదని తరగతిలో ఆమె చెప్తే పాపకు సగం బాధ తీరుతుంది.

ప్రశ్న: మర్రిగూడ మండలం నుంచి రాస్తున్న. మా బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్. ముఖం బిరుసుగ, తెల్ల పొడి పట్టినట్టు ఉంటది. ఫ్లోరైడ్ వల్లనేనా? ముఖం కడుగుటానికి ఫిల్టర్ నీళ్ళు వాడాల్నా?

జవాబు: మర్రిగూడ పేరు చూస్తే ముందు తాగే నీళ్ళ గురించే అడగాలనిపిస్తుంది. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా అని మన దేశ ప్రమాణం. అది పళ్ళనూ ఎముకలనూ పాడుచేసేది కడుపులోకి పోయినప్పుడు. పటిక, సున్నం వేసి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అనే పేరు పెట్టుకుందంటే మన బాధ ఎంత పెద్దదో చూడండి. తాగడానికి, వండడానికి మాత్రం భగీరథ నల్లా నీళ్ళే వాడండి, బోరు నీళ్ళు వద్దు.

స్నానం చేస్తే ఫ్లోరైడ్ చర్మంలో నుంచి లోపలికి పోయి ముఖం పాడుచేయదు. బిరుసుదనానికి కారణం నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు. సబ్బు వాటితో కలిసి తెల్లటి తెట్టు కడుతుంది. బకెట్ అంచుకు పట్టే తెలుపే మీ ముఖానికీ పడుతుంది. అది పోవాలని ఇంకా సబ్బు, ఇంకా రుద్దుడు, ఇంకా బిరుసు. మామూలు సబ్బుకు బదులు సిండెట్ సబ్బు (మామూలు సబ్బు పదార్థం లేకుండా చేసే బిళ్ళ) గానీ సబ్బు లేని ఫేస్‌వాష్ గానీ వాడితే ఆ తెట్టు కట్టదు. ఫిల్టర్ నీళ్ళ ఖర్చు అక్కర్లేదు. వీలైతే చివర్లో ఒక చెంబెడు వాన నీళ్ళో, నల్లా నీళ్ళో ముఖం మీద పోసుకుని, తువ్వాలతో అద్ది, ఆ తడి మీదే మాయిశ్చరైజర్ రాయండి.

ప్రశ్న: భువనగిరిలో టీచర్ని, 41 ఏళ్ళు. హైడ్రా ఫేషియల్, మైక్రోడెర్మాబ్రేషన్ అని ప్రకటనలు చూస్తున్నాను. డబ్బుకు తగ్గ ఫలితం ఉంటుందా?

జవాబు: మైక్రోడెర్మాబ్రేషన్ 1985లో ఇటలీలో మొదలైంది. అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు చల్లి పీల్చడమో, వజ్రపు పొడి అద్దిన మొనతో పైపొరను అరగదీయడమో చేస్తారు. హైడ్రా ఫేషియల్ దాని కన్నా మెత్తటిది, పలచటి యాసిడ్ ద్రావణం పోస్తూ, పీలుస్తూ రంధ్రాలు శుభ్రం చేస్తుంది. రెండూ పై మెరుగే. కొన్ని రోజులు ముఖం తేటగా ఉంటుంది, పొడి చర్మం నునుపవుతుంది. మంగుకు, గుంటలకు, లోతు మచ్చలకు ఇవి మందు కావు. ఏదైనా వేడుక ముందు సరదాగా చేయించుకుంటే అడ్డు చెప్పను. నెలనెలా ప్యాకేజీ కట్టాలంటే మాత్రం ఆ డబ్బుతో ఏడాదికి సరిపడా మంచి సన్‌స్క్రీన్, రాత్రి పూట ఒక రెటినాయిడ్ (విటమిన్ ఎ జాతి మందు) క్రీము కొనుక్కోండి అంటాను. మీ వయసులో చర్మానికి అదే ఎక్కువ మేలు. గర్భం ఆలోచన ఉంటే రెటినాయిడ్ వద్దు.

ప్రశ్న: సూర్యాపేట, 29 సంవత్సరాలు. మొటిమలు పోయినయి కానీ బుగ్గల మీద గుంటలు మిగిలినయి. సంబంధాలు చూస్తున్నరు. ఆన్‌లైన్‌లో సూదుల రోలర్ కొన్న, వాడాల్నా? లేజర్ ఒక్కసారి చేయించుకుంటే సరిపోతదా?

జవాబు: రోలర్ వాడొద్దు. ఇంట్లో ఆ సూదులను సరిగ్గా శుభ్రం చేయలేరు, వంకరపోయిన సూది చర్మాన్ని చీరుతుంది. ఉన్న గుంటలకు ఇన్‌ఫెక్షన్ తోడవుతుంది.

గుంటలన్నీ ఒకే తీరు కావు, చికిత్సా ఒక్కటి కాదు. సన్నగా, లోతుగా సూదితో పొడిచినట్టున్న వాటిలో టీసీఏ అనే యాసిడ్‌ను గాఢంగా, పుల్ల మొనతో ఒక్కొక్క గుంటలోనే చుక్క పెడతాం. వెడల్పుగా అలలాగా దిగబడ్డవి కింద నారపోగులు పట్టి లాగుతున్నవి. చర్మం కింద సూదితో ఆ పోగులు తెంపాలి, దాన్ని సబ్‌సిషన్ అంటారు. అంచులు నిటారుగా ఉన్న వాటికి ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ గానీ క్లినిక్‌లో శుభ్రమైన సన్న సూదులతో చేసే మైక్రోనీడ్లింగ్ గానీ. చాలామంది ముఖం మీద మూడు రకాలూ కలిసే ఉంటాయి కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో మూడు నుంచి ఆరు విడతలు పడతాయి. లేజర్ తర్వాత వారం రోజులు ముఖం ఎర్రగా, చెక్కు కట్టి ఉంటుంది, పనికి సెలవు చూసుకోవాలి. మన చర్మానికి లేజర్ శక్తి తగ్గించి పెట్టకపోతే నలుపు దిగుతుంది, ఇది మీ డాక్టరును నోరు తెరిచి అడగండి. కొత్త మొటిమలు ఇంకా వస్తుంటే ముందు వాటిని ఆపాలి. ఏప్రిల్, మే ఎండల్లో మొదలుపెట్టకండి, కార్తీకం తర్వాత మొదలుపెడితే మాఘం దాకా మంచి కాలం. గుంటల లోతు తగ్గుతుంది, ఫొటోలోనూ ఎదుటివాళ్ళ కంటికీ తేడా తెలుస్తుంది, పుట్టినప్పటి నున్నటి బుగ్గ మాత్రం రాదు. సంబంధాల విషయం అడిగారు కనుక చెప్తున్నా, అమ్మాయి వాళ్ళు వచ్చే తేదీకి ముందు హడావుడిగా విడత పెట్టించుకోకండి.

ప్రశ్న: నారాయణపేటల మగ్గం పని మాది. మా అమ్మకు 56 ఏండ్లు, షుగర్ ఉంది. మడిమలు పగిలి నెత్తురు వస్తున్నయి. పార్లర్‌ల బ్లేడుతోని గీకి నున్నగ చేస్తరంట, తీస్కపోవాల్నా?

జవాబు: షుగర్ ఉన్న కాలికి బ్లేడు తగలనీయకూడదు. ఆమెకు కాలిలో స్పర్శ తగ్గి ఉండొచ్చు, తెగినా తెలియదు, చిన్న గాటు పుండై ముదిరితే వేలు తీసేదాకా పోతుంది. పార్లర్‌కు కాదు, ముందు షుగర్ చూపించి, కాలి స్పర్శ పరీక్ష చేయించండి. ఒకసారి థైరాయిడ్ కూడా చూపిస్తే మంచిది, అది తగ్గినా మడిమలు ఇట్లాగే పగులుతాయి.

నెత్తురు వచ్చే పగుళ్ళు మానేదాకా ఏ రాయితోనూ రుద్దవద్దు. రాత్రి పాదాలు గోరువెచ్చటి నీళ్ళతో కడగండి, షుగర్ ఉన్న కాలిని నానబెట్టొద్దు. నీళ్ళ వేడి ఆమె కాలితో కాదు, మీ మోచేతితో చూడండి. వేళ్ళ సందులు కూడా ఆరేటట్టు అద్ది, మడిమలకు వాజలిన్ మందంగా పట్టించి నూలు సాక్సులు తొడగండి. పగుళ్ళు మూసుకున్నాక యూరియా 20 నుంచి 25 శాతం ఉన్న క్రీముకు మారండి, అది గట్టి తోలును తనంతట తానే మెత్తబరుస్తుంది. వేళ్ళ సందుల్లో మాత్రం అది రాయొద్దు. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోమనండి, చల్లటి నాపరాళ్ళ మీద ఉత్త కాళ్ళతో తిరిగితే పగుళ్ళు మానవు. పగులు చుట్టూ ఎరుపు, వాపు, చీము, వాసన, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే దవాఖానకు తీసుకుపోండి.